యూత్ పిల్లలు అన్నం తిన్నారా?



2023 డిసెంబరులో ఒక తెల్లవారుజామున, సుమారు నాలుగున్నరకు, మన క్యాజువాలిటీ ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. నైట్ సూపర్‌వైజర్ సెలవులో ఉండడం వల్ల ఆ వారం రాత్రి రౌండ్లు నేనే చూస్తున్నాను. ఆటోలోంచి ఎర్ర టోపీలు పెట్టుకున్న పిల్లలు పదిమంది దిగారు. ఒకరి మెడలో డోలక్ ఇంకా అలాగే వేలాడుతోంది. కేరల్స్ పాడుతూ పాడుతూ నేరుగా ఆసుపత్రికి వచ్చేశారన్నమాట. ఒక అమ్మాయిని ఇద్దరు మోసుకుని లోపలికి తెచ్చారు. పందొమ్మిదేళ్లుంటాయి. ఊపిరి వేగంగా, లోతుగా తీస్తోంది. మొహం దగ్గరికి వంగితే మగ్గిన పండు వాసన. ఆ వాసన ఒకసారి తెలిసిన నర్సు జన్మలో మరచిపోదు. సూది గుచ్చి చూస్తే షుగర్ ఐదువందలు దాటి ఉంది.

ఆ అమ్మాయికి చిన్నతనం నుండి షుగర్. రోజూ ఇన్సులిన్ వేసుకుంటేనే బ్రతికే రకం షుగర్. క్రిస్మస్ కార్యక్రమాలు ఆశీర్వాదకరంగా జరగాలని మూడు రోజులు ఉపవాసముంది. తిండి తినడం లేదు కదా, ఇన్సులిన్ ఎందుకని అది కూడా మానేసింది. రెండోరోజే వాంతులు, కడుపునొప్పి మొదలైనా ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు రాత్రి కేరల్స్‌లో ఒక ఇంటి అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుండిపోతే, తోటి పిల్లలు ప్రార్థనలో ఉందనుకున్నారట.

దేవుని కృపవలన, మన డాక్టర్ల శ్రమవలన నాలుగు రోజులు ఐ.సి.యు.లో ఉండి ఆ బిడ్డ లేచి కూర్చుంది. వార్డుకు మార్చిన రోజు నన్ను దగ్గరకు పిలిచి చిన్నగా అడిగింది. "సిస్టరమ్మా, ఇన్సులిన్ వేసుకుంటే ఉపవాసం చెడిపోతుందా అండి?"

నాకు సమాధానం చెప్పడానికి కాసేపు పట్టింది. తెలియక కాదు. ఆ అమ్మాయి ఏడేళ్ల వయసు నుండి మన క్లినిక్కుకు వస్తోంది. సూది ఎక్కడ వేసుకోవాలి, సీసా ఎక్కడ దాచుకోవాలి, షుగర్ పడిపోతే ఏం తినాలి, అన్నీ మేమే నేర్పించాం. పన్నెండేళ్లలో ఒక్కసారైనా, "అమ్మా, నువ్వు ఉపవాసాలుంటావా? ఉంటే ఇన్సులిన్ సంగతి ఏం చేస్తావు?" అని మాలో ఒక్కరం అడగలేదు. వాళ్ళ అయ్యగారికి ఆ పిల్లకు షుగరున్న సంగతే తెలియదు. తల్లికి తెలుసు గాని, దేవుని పని మీద ఉన్న పిల్లను ఆపితే ఏం దోషమోనని ఊరుకుంది. ఆ రోజు నుండి ఈ నాలుగు మాటలు రాయాలని నా మనసులో ఉంది.

నేను డాక్టరును కాను, దైవజనురాలను అంతకన్నా కాను. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా చేసి, ముప్పై ఏళ్లకు పైగా మంచాల మధ్య తిరిగినదాన్ని. అయినా ఒక మాట ధైర్యంగా చెబుతాను. మన యూత్ పిల్లలు ఒళ్ళు పాడుచేసుకుంటున్నారంటే ఆ తప్పులో ఎక్కువ పాలు పెద్దవాళ్ళమైన మనదే. సాక్ష్యాల సమయంలో గమనించండి. ఒక అబ్బాయి లేచి, "మూడు రోజులుగా నిద్ర లేదు, సరిగా తిండి లేదు, అయినా దేవుడు నడిపించాడు" అంటే సంఘమంతా హల్లెలూయా అంటాం. ఆ మాట విన్న పక్కనున్న పిల్లవాడు వచ్చే ఏడు నాలుగు రోజులు మేల్కొంటాడు. "దేవుడు నాకిచ్చిన శరీరాన్ని ఈ వారం జాగ్రత్తగా చూసుకున్నాను, రాత్రి పదింటికే పడుకున్నాను" అని సాక్ష్యం చెప్పినవారిని నేనింతవరకు చూడలేదు. చెబితే నవ్వుతాం కూడా.

దీనికి పెద్దలు ఒక జవాబు చెబుతారు. "మిషనరీలు ప్రాణాలిచ్చారమ్మా, వీళ్ళు నిద్ర ఇవ్వలేరా?" అని. నిజమే, ఇచ్చారు. అమెరికాలో ఆదివాసుల మధ్య సేవచేసిన డేవిడ్ బ్రెయినర్డ్ గారు 1747లో క్షయతో చనిపోయారు. అప్పటికి ఆయనకు ఇరవైతొమ్మిదేళ్లే. చదువుకునే రోజుల్లోనే రక్తం కక్కుకున్నారు, ఆ తరువాత కూడా వానలో చలిలో గుర్రం మీద తిరుగుతూనే ఉన్నారు. ఆయన డైరీ చదివి ఎంతోమంది మిషనరీలయ్యారు. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. అయితే ఒక్క సంగతి మరువకూడదు. ఆయన కాలానికి క్షయకు మందు లేదు. క్షయ క్రిమిని కనిపెట్టింది 1882లో, దానిమీద పనిచేసే స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. ఈ రోజు మన ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. రెండు వారాలకు మించి దగ్గుతూ, సాయంత్రం జ్వరం వస్తూ, "సేవలో కొంచెం అలసట అంతే" అని తిరుగుతున్న అబ్బాయి బ్రెయినర్డ్ గారిలాంటివాడు కాడు. మందు ఉండీ మింగనివాడు, పైగా తనతోపాటు పాడే పదిమందికి దాన్ని పంచేవాడు.

అదే 1747లో ఇంగ్లండులో జాన్ వెస్లీ గారు ఏం చేశారో తెలుసా? బీదవారి కోసం ఒక వైద్య పుస్తకం అచ్చువేశారు. తిండి, నిద్ర, నడక, చన్నీటి స్నానం, ఇంటి చిట్కాలు. అందులోని కొన్ని చిట్కాలు ఈ రోజు మన డాక్టర్లు చదివితే నవ్వుతారనుకోండి. కానీ ఎండనక వాననక ఆరుబయట ప్రసంగాలు చేసిన ఆ మనిషి శరీరాన్ని చూసుకోవడం సేవకు అడ్డమనుకోలేదు. ఎనభై ఏడేళ్లు బ్రతికి 1791లో చనిపోయారు. మన గుంటూరు సంగతే చూడండి. డాక్టర్ అన్నా కూగ్లర్ గారు 1883లో వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో కన్నుమూసేవరకు ఆ పనిలోనే ఉన్నారు. మధ్య మధ్య సెలవు మీద స్వదేశం వెళ్ళి వచ్చేవారు. పాత మిషనరీలు ఎండాకాలం కొడైకెనాల్ వెళ్తే, "దొరలు కదా, చల్లగా ఉండాలి" అని మనవాళ్ళు ఎగతాళి చేసేవారు. నేనూ చిన్నప్పుడు ఆ మాటలు విన్నాను. కానీ 1845లో ఆ కొండమీద మొదటి ఇళ్ళు కట్టుకున్నది మదురైలోని అమెరికన్ మిషనరీలే. కింద మైదానంలో జబ్బులతో ఒకరి తరువాత ఒకరిని సమాధి చేసి, ఇక లాభం లేదని కట్టుకున్న ఇళ్ళవి.

బైబిలు సంగతి అయ్యగార్లు నాకన్నా బాగా చెబుతారు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడుకుని ఇక చచ్చిపోతానన్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. మా నైట్ డ్యూటీ నర్సులు చేసేదీ అదే. దేవుడు మాట్లాడింది ఆ తరువాతే. తిమోతి యవనస్థుడైన సేవకుడు. అతనికి తరచూ జబ్బు చేస్తోందని, కడుపు సంగతి చూసుకొమ్మని పౌలు గారు ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు. మన యూత్ లీడరుకు, "నీ కడుపునొప్పి ఎలా ఉంది బాబూ?" అని రాసే పెద్దలు ఎంతమంది?

ఇంకో ముచ్చట. మన పల్లెల్లో సాయంత్రమైతే కుర్రాళ్ళు ఆడే వాలీబాల్ ఎక్కడ పుట్టిందో చాలామందికి తెలియదు. క్రైస్తవ యువజన సేవలోనే పుట్టింది. 1895లో అమెరికాలో వై.ఎం.సి.ఎ.లో వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్ గారు దాన్ని తయారుచేశారు. బాస్కెట్‌బాల్ అంతకు నాలుగేళ్ల ముందు, 1891లో, జేమ్స్ నైస్మిత్ గారి చేతిలో, అదీ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలోనే పుట్టింది. 1920లో మద్రాసులో హారీ బక్ గారు మొదలుపెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివి ఎంతోమంది డ్రిల్లు మాస్టర్లయ్యారు. శరీరం, మనసు, ఆత్మ మూడూ కలిసి ఎదగాలన్నది వారి ఆలోచన. మరి మన యూత్ మీటింగులో బంతి కనబడితే కొందరు పెద్దలు మొహం చిట్లిస్తారెందుకో నాకు అర్థం కాదు.

ఇక నా వార్డులో చూసిన సంగతులు చెబుతాను.

మొదటిది ఉపవాసం. ఉపవాసం వద్దని నేను చెప్పడం లేదు, నేనూ ఉంటాను. కానీ ఇన్సులిన్ వేసుకునేవారు తిండి మానినా శరీరానికి ఇన్సులిన్ కావాలి. అది లేకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది, దానివల్ల రక్తం విషమవుతుంది. ఆ అమ్మాయికి జరిగింది అదే. షుగర్ మాత్రలు వేసుకునేవారిలో కొందరికి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. మాత్ర వేసుకుని తిండి మానితే షుగర్ అమాంతం పడిపోయి స్పృహ తప్పుతుంది. కాబట్టి ఉపవాసానికి ముందు డాక్టరును అడగండి, సొంతంగా మందు మానకండి. కడుపుతో ఉన్నవారు, పాలిచ్చే తల్లులు, క్షయ మందులు వాడేవారు, ఫిట్సు మందులు వాడేవారు తిండి మానే ఉపవాసం కాక వేరే ఉపవాసం చూసుకోవచ్చు. సెల్‌ఫోన్ మూడు రోజులు మానేయమనండి, ఎంతమంది నిలబడతారో చూద్దాం.

ఫిట్సు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఫిట్సు ఉన్నవారికి నిద్ర లేకపోవడం చాలా చెడ్డది. మందు సరిగా వేసుకుంటున్నా, రాత్రంతా మేల్కొంటే ఫిట్సు తిరగబెట్టవచ్చు. రాత్రంతా ప్రార్థనలో తెల్లవారుజామున ఒక అబ్బాయి పడిపోయి కొట్టుకుంటే, అది దయ్యమని మూడు గంటలు పట్టుకుని కూర్చున్న తరువాత మా దగ్గరికి తెచ్చారు. నాలుక కొరుక్కుని ఉన్నాడు. జేబులో మందుల చీటీ ఉంది. దయచేసి వినండి. పడిపోయినవారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా అదిమి పట్టకండి, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఆటో వచ్చేదాకా ప్రార్థన చేయండి, కాదనను. కానీ ఆటోను పిలవండి.

రెండవది నీళ్ళు. మే నెలలో వి.బి.ఎస్. పెడతాం. రేకుల షెడ్డు, వందమంది పిల్లలు, యాక్షన్ సాంగ్స్. పిల్లలకు మజ్జిగ ప్యాకెట్లు ఇస్తాం గాని, పొద్దుటినుండి గొంతు చించుకున్న టీచరు ఏం తాగిందో ఎవరూ చూడరు. ముఖ్యంగా ఆడపిల్లలు. వాళ్ళు నీళ్ళు తాగరు, ఎందుకంటే అక్కడ మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తలుపుకు గడియ ఉండదు. పొద్దున ఎనిమిది నుండి సాయంత్రం ఐదు దాకా బిగపట్టుకుని కూర్చుంటారు. తరువాత మూత్రంలో మంట, చలిజ్వరంతో నా దగ్గరికి వస్తారు. సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పరు. స్టేజీకి పూలదండలు, ఫ్లెక్సీలు వేయించే కమిటీ ముందు ఆ గదికి ఒక గడియ, ఒక బల్బు, ఒక బకెట్టు పెట్టించాలి. వడదెబ్బకు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు దగ్గర ఉంచండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్ళలో చిన్న చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే మాత్రం నీళ్ళు తాగిస్తూ కూర్చోకండి. నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకురండి.

మూడవది రాత్రి ప్రయాణం. అన్నిటికన్నా నాకు భయం ఇదే. కన్వెన్షన్ అయిపోతుంది, కుర్చీలు సర్దుతారు, సౌండ్ బాక్సులు ఎక్కిస్తారు, ఒంటిగంటకు ముగ్గురు ఒక బండి మీద హెల్మెట్ లేకుండా ఊరికి బయలుదేరతారు. 1997లో ఆస్ట్రేలియాలో పరీక్ష చేసి చూశారు. పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చేయి, కన్ను మద్యం తాగినవాడిలాగే మందగిస్తాయట, అదీ మన దేశపు చట్టం ఒప్పుకునే కొలతను మించి తాగినవాడిలాగ. పొద్దున ఆరింటికి లేచినవాడికి పదిహేడు గంటలంటే రాత్రి పదకొండే. మన పిల్లలు మద్యం ముట్టరని మనం గర్వపడతాం. ఆ బండి మీద తేడా ఏముంది? అలా వెళ్ళి కాలవగట్టు మీద పడిన ఒక కీబోర్డు వాయించే అబ్బాయి తలకు నేనే కట్టుకట్టి పెద్దాసుపత్రికి పంపించాను. మళ్ళీ మా దగ్గరికి నడిచి రాలేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

గొంతు, చెవుల గురించి రెండు మాటలు. వారాల తరబడి గొంతు బొంగురుపోయి ఉంటే, అల్లం నములుతూ కూర్చోకుండా ఈ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి. స్వరతంతుల మీద కాయలు కాస్తాయి. చెవి సంగతి ఇంకా కష్టం. 100 డెసిబెల్స్ శబ్దం రోజుకు పదిహేను నిమిషాలకు మించి చెవికి మంచిది కాదంటారు. చిన్న హాలులో పెద్ద బాక్సులు పెడితే ఆ లెక్క దాటడానికి మొదటి పాట చాలు. డ్రమ్స్ పక్కన కూర్చునే పిల్లలకు చెవిలో హోరు మొదలైతే, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఆడపిల్లల రక్తహీనత గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆరాధనలో నిలబడి నిలబడి తూలిపోయే అమ్మాయికి ముందు హిమోగ్లోబిన్ చూపించండి. పన్నెండు ఉండాలి. మా వార్డులో ఏడు, ఎనిమిది మామూలైపోయింది. ఇంటింటా ఇచ్చే టీ, బిస్కెట్లు రక్తం పట్టించవు. పైగా అన్నంతోపాటే టీ తాగితే తిన్న ఇనుము కూడా ఒంటికి పట్టదు.

పోయిన సంవత్సరం మా సంఘ కమిటీలో ఈ సంగతులన్నీ పెట్టాను. నేను అడిగినవి పెద్దవేమీ కావు. కేరల్స్ ఒక్క రాత్రిలో ఊరంతా తిరగకుండా మూడు సాయంత్రాలుగా విడగొట్టి పదిన్నరకు ముగించాలి. టీముకు భోజనం ముందే పెట్టి పంపాలి. మందులు వాడే పిల్లల పేర్లు లీడరుకు, అయ్యగారికి రహస్యంగా తెలిసి ఉండాలి. కన్వెన్షన్ రాత్రి కుర్రాళ్ళు చర్చిలోనే పడుకుని తెల్లవారాక బయలుదేరాలి, హెల్మెట్ లేనివాడికి బండి తాళం ఇవ్వకూడదు. ఒక పెద్దాయన నవ్వి, "చర్చిని కూడా ఆసుపత్రి చేస్తావా అమ్మా?" అన్నారు. "లేదండి, చర్చిలో ఉండాల్సిన పిల్లలు ఆసుపత్రిలో ఉంటున్నారని చెబుతున్నాను" అన్నాను. అర్ధరాత్రి పన్నెండుకు పాడకపోతే అది కేరల్స్ ఎలా అవుతుందని ఇంకొకరు బాధపడ్డారు. ఆయన బాధ నాకు అర్థమైంది. నేను కూడా చిన్నప్పుడు చలిలో లాంతరు పట్టుకుని తెల్లవార్లూ తిరిగినదాన్నే. ఆ ఆనందం ఈ పిల్లలకు లేకుండా చేయాలని నాకు లేదు. అందుకే ఆఖరి సాయంత్రం ఒక్కటి పన్నెండు దాకా ఉండనివ్వడానికి ఒప్పుకున్నాను. భోజనం, మందుల పేర్లు ఒప్పుకున్నారు. హెల్మెట్ సంగతి ఇంకా తేలలేదు. వచ్చే మీటింగులో మళ్ళీ పెడతాను.

2024 డిసెంబరులో కేరల్స్ టీము మా క్వార్టర్స్‌కు కూడా వచ్చింది. పిల్లల మధ్య ఆ అమ్మాయి ఉంది, భుజానికి చిన్న సంచీతో. ఇడ్లీలు ప్లేట్లలో పెడుతుంటే లీడరు అబ్బాయి వచ్చి, "ఆంటీ, ముందు చెల్లికి ఒక్క నిమిషం" అన్నాడు. ఆమె మా వంటగదిలోకి వెళ్ళి, సూది వేసుకుని, బయటకు వచ్చి నాలుగు ఇడ్లీలు తింది. తరువాత మా గుమ్మం ముందు రెండు పాటలు పాడి పక్కింటికి వెళ్ళారు.